రాహుకాలానికి పడుకునే మిషను

పడమటి నెల్లూరు జిల్లాకు ఇంటర్నెట్టు తెచ్చినవాణ్ణి నేను. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా ఎవరి ఫోన్లో బొమ్మ కదిలినా, అది నా గదిలోని మిషను కడుపులోంచి పోయి కదలాల్సిందే. బెంగుళూరు ఇంజనీర్లు తలలు పట్టుకుని వదిలేసిన జబ్బును ఒంటి చేత్తో, ఏడంటే ఏడు లైన్లు రాసి కుదిర్చిన ఘనుణ్ణి కూడా నేనే. ఆ ఏడు లైన్లతోనే ఒక ఇంటి ఉసురు పోసుకున్నాను. ఆ కథే చెప్పబోతున్నాను. నవ్వొస్తే నవ్వండి, నవ్వించాలనే రాస్తున్నాను. మధ్యలో ఎక్కడన్నా నవ్వు ఆగిపోతే మాత్రం అది మీ తప్పు కాదు.

నా పేరు పెంచలయ్య. ఆత్మకూరు బస్టాండు వెనక సందులో నాకొక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. టైపు మిషన్లు చచ్చిపోతే కంప్యూటర్లు పెట్టాను. కంప్యూటర్ నేర్చుకునేవాళ్ళు కరువైతే, ఇళ్ళకూ అంగళ్ళకూ నెట్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు అరవై దాటాయి. అరవై దాటాక కొత్త విద్య నేర్చినవాడి పొగరు, మీసం కొత్తగా మొలిచినవాడి పొగరుకంటే నాలుగు రెట్లు ఎక్కువ. మీసమైతే అందరికీ కనబడుతుంది, ఈ విద్యను మనమే చూపించుకుంటూ తిరగాలి.

ఉదయగిరిలో నా భాగస్వామి మస్తాన్. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలుస్తాడు. వాళ్ళమ్మ కొండ చెక్కతో చెంచాలు, గరిటెలు చెక్కి ఆ సంసారాన్ని ఈదుకొచ్చింది. మస్తాన్ భార్య చిన్నప్పుడే పోతే, కూతురు రేష్మను కూడా ఆ ముసలమ్మే పెంచింది. రేష్మ నన్ను పెదనాయనా అంటుంది. నెల్లూరులో ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చి కూర్చున్న రోజులవి. ముసలమ్మకు రెండు కళ్ళూ మసకబారిపోయాయి. అన్నం కలిపి పెట్టినా, తల దువ్వినా రేష్మ చెయ్యే కావాలి. వేరే చెయ్యి తగిలితే ముద్ద మింగేది కాదు.

ఇక మిషను సంగతి. సెకండ్ హ్యాండ్‌ది. అందులో యునిక్స్ వంశానికి చెందిన ఒక సిస్టం వేశాను. ఎందుకయ్యా అంటే అది గట్టిదని అందరికీ చెప్పేవాణ్ణి. ఊరికే దొరికిందని మీకు చెబుతున్నాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు సరసరా పాకుతుంటే, బిల్లు కట్టడానికి వచ్చినవాళ్ళు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవాళ్ళు. నేను విడవమన్లేదు. వద్దనీ అన్లేదు.

అంత భక్తి చూరగొన్న మిషనుకు ఒక జబ్బు పట్టుకుంది. నాలుగైదు రోజులు శుభ్రంగా నడిచేది. తర్వాత మందగించేది. తర్వాత కొయ్యబారిపోయేది. ఆపి మళ్ళీ వేస్తే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చునేది. జబ్బు పేరు మెమొరీ లీకు. అర్థం కావాలంటే పెళ్ళి భోజనాలు తలుచుకోండి. నెట్‌వర్క్ కార్డు అంటే గుమ్మం దగ్గర నిలబడి వచ్చిన ప్రతి అతిథి చేతికీ ఒక పళ్ళెం ఇచ్చేవాడు. తిన్నాక పళ్ళెం మళ్ళీ కడిగే చోటికి చేరాలి. మా కార్డుగాడు నూటికి ఒక పళ్ళేన్ని తన వెనకాల దాచుకుంటున్నాడు. మొదటి బంతికి తెలియదు, పదో బంతికీ తెలియదు. ఎప్పుడో ఒకప్పుడు పెళ్ళికొడుకు తండ్రి వచ్చి కూర్చుంటే పళ్ళెం ఉండదు. అక్కడితో పెళ్ళి ఆగిపోతుంది.

ఇదంతా ఇప్పుడు తెలిసి చెబుతున్నాను. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒక కమాండు కొడితే ఏ ప్రోగ్రాము ఎంత మెమొరీ తింటోందో వరసగా చూపిస్తుందని. చూశాను. అన్ని ప్రోగ్రాముల తిండీ కలిపినా మెమొరీలో పావు వంతు రావడం లేదు. మిగతా మూడు పావులూ ఖర్చయిపోయాయి గానీ వాటి మీద ఎవరి పేరూ లేదు. ఇంట్లో బియ్యం తరిగిపోతున్నాయి, మూతి తుడుచుకున్నవాడు ఒక్కడూ లేడు. తెలివిగలవాడైతే అప్పుడు ఇంటి యజమాని వైపు చూస్తాడు. నేను వచ్చిన చుట్టాలందరి జేబులూ వెతికాను. బిల్లుల ప్రోగ్రాము ఆపాను. ఎవరెంత వాడారో లెక్క రాసే ప్రోగ్రాము ఆపాను. గడియారం సరిచేసే అమాయకపు ప్రోగ్రామును కూడా పీకేశాను. దాంతో మిషనులో టైము తప్పింది గానీ జబ్బు తప్పలేదు.

చివరికి మెమొరీ రెట్టింపు చేసి పారేశాను. నాలుగు రోజులకు పడేది ఎనిమిది రోజులకు పడసాగింది. జబ్బు సగం నయమైందని బజారంతా చాటాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను అడుసు తొక్కి, కాలు కడక్కుండా, పొడుగు బూట్లు కొనుక్కున్నాను.

పడినప్పుడల్లా ఉదయగిరి నుంచి మస్తాన్ ఫోను చేసేవాడు. మళ్ళీ పడుకునిందన్నా అనేవాడు, అంతకుమించి ఒక్క మాట అనేవాడు కాదు. నేను మాత్రం ఊరికో కారణం చెప్పేవాణ్ణి. కరెంటన్నాను. ఉదయగిరి కొండ మీద కోతులు వైరు కొరికాయన్నాను. సోమశిలలో నీళ్ళు తగ్గితే గాలిలో తేమ తగ్గి నెట్టు తగ్గుతుందని చేజర్ల మనిషొకడికి చెప్పాను. పాపం, ఆయన ఆ తర్వాత చాన్నాళ్ళు డ్యాములో నీళ్ళెంతున్నాయో కనుక్కుని మరీ సినిమా పెట్టుకునేవాడు.

ఒకసారి రేష్మ ఆత్మకూరు వచ్చినప్పుడు నా వెనక నిలబడి తెర చూసింది. చూసి మెల్లిగా అడిగింది.

"పెదనాయనా, ప్రోగ్రాముల్లో కనపడలేదంటే కెర్నెల్లోనే కారతా ఉండాది. కార్డు డ్రైవరు మీద అనుమానం నాకు. ఒకసారి నేను కూర్చోనా?"

కెర్నెల్ అంటే సిస్టంకి నడిబొడ్డు, ఇందాక నేను చూడకుండా వదిలేసిన ఇంటి యజమాని. డ్రైవర్ అంటే ఆ యజమాని తరఫున కార్డును నడిపించే మేస్త్రీ. ఆ రెండు ముక్కలూ నాకు ఆ రోజు సరిగ్గా తెలియవు. తెలియదని చెబితే పోయేది. "పాపా, నువ్వు పలక పట్టకముందు నుంచి నేను మిషన్ల మధ్య బతికినోణ్ణి" అన్నాను. అది నిజమే. టైపు మిషన్లు. ఆమె బస్సుకు పోయింది.

ఇప్పుడు వెంకటసుబ్బయ్య శెట్టి వస్తాడు. పప్పులు, ఎండుమిరపకాయల హోల్‌సేల్ అంగడి మా సందు మొగలోనే. నాకు ఈడువాడు, నా కనెక్షన్లలోకెల్లా పెద్ద నోరు. ఒకరోజు మంచి గడియ చూసుకుని కొత్త సరుకు బిల్లు కొట్టబోతే నెట్టు పోయిందట. వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏందిరా పెంచలయ్యా, నీ మిషను మంచి టైము చూసుకోని మరీ చస్తాది?"

"దానికీ విశ్రాంతి కావాల గదా శెట్టీ."

"కావాలంటే రాహుకాలంలో పడుకోమను. అప్పుడు బజార్లో ఎవడూ గల్లా ముట్టడు. టీలు తాగతా కూర్చుంటాం."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ఇక్కడ వైద్యుడు పప్పుల శెట్టి, పాలు రాహుకాలం. శెట్టి వెళ్ళిన తర్వాత ఆ మాటే లెక్క వేసుకున్నాను. నిజమే గదా. మా బజారు వీధిలో రాహుకాలంలో కొత్త బేరం మొదలుపెట్టరు, బిల్లు కొట్టరు, సరుకు దించరు. ఆ గంటన్నరా నెట్టు లేకపోతే అడిగే నాథుడుండడు. యునిక్స్‌లో ఒక నౌకరుంటాడు. ఏ వారం ఏ టైముకు ఏం చెయ్యాలో ఒక్క లైను రాసి పడేస్తే, ఎందుకని అడక్కుండా చేసుకుపోతాడు. వారానికి ఏడు రోజులు. రోజుకో రాహుకాలం. ఏడు లైన్లు రాశాను. ప్రతిరోజూ రాహుకాలం నడిమధ్యలో మిషను తనంతట తాను ఆగిపోయి మళ్ళీ లేవాలి. దాచుకున్న పళ్ళేలన్నీ ఏ రోజుకారోజు బయటపడతాయి, పెళ్ళి ఆగదు. యునిక్స్ పుట్టినప్పటి నుంచి దాంట్లో రాహువుకు ఉద్యోగం వేయించినవాడు నాకంటే ముందు ఎవడూ ఉండడని ఆ రోజు మీసం దువ్వుకున్నాను.

పనిచేసింది. అదే కొంప ముంచింది. నెలలు గడిచినా ఆత్మకూరులో ఒక్కరు నోరెత్తలేదు. జబ్బు కుదిరిందని చెప్పుకున్నాను. కుదరలేదు, రోగి రోజూ ఒకసారి చచ్చి బతుకుతున్నాడంతే. శెట్టి నాకు శాలువా కప్పుతానని కూడా అన్నాడు. అనడమే, కప్పలేదు.

ఉదయగిరిలో మస్తాన్ చుట్టుపక్కల వీధులకు రాహుకాలంతో పని లేదు. అక్కడ రోజూ ఏదో ఒక వేళ నెట్టు పోయేది, రోజుకొక వేళ. ఎందుకన్నా అని మస్తాన్ అడిగితే కరెంటు అన్నాను. మా కరెంటు మీద ఎవరేం చెప్పినా ఎవరైనా నమ్ముతారు.

అప్పుడొచ్చింది రేష్మకు ఆ పిలుపు. బెంగుళూరులో ఒక కంపెనీ. ఇలాంటి మిషన్లనే దూరం నుంచి చూసుకునే ఉద్యోగం, అదీ ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. ముసలమ్మను వదిలిపోనక్కరలేదు. రెండు విడతలు ప్రశ్నలడిగి మెచ్చుకున్నారట. చివరిది మిగిలింది, మాట్లాడేది కంపెనీ పెద్దాయన, ముఖం చూపిస్తూ మాట్లాడాలి. తండ్రీ కూతుళ్ళు ఏదో పని మీద ఆత్మకూరు వచ్చి నా దగ్గర టీ తాగుతూ ఆ మాట చెప్పారు. బుధవారమని చెప్పింది. ఏ వేళకో చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ఒక్క లైనూ తీసేసేవాణ్ణి, పెంచలకోన స్వామి మీద ఒట్టు. మిషనును ఒకసారి తాను చూస్తానని మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ నవ్వేశాను.

"నెట్టు నిలబడతాదా పెదనాయనా? మా వీధిలో సెల్లు సిగ్నలు కూడా రాదు. ఇది పోతే నాకింకో దారి లేదు."

"ఉదయగిరి కొండన్నా కదలాల గానీ నా మిషను కదలదు. ఏం భయం లేదు పో."

బుధవారం వచ్చింది. బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర. నేను, శెట్టి ఆ వేళకు తగ్గట్టే సందు మొగలో టీ తాగుతున్నాం. అక్కడ ఉదయగిరిలో రేష్మ ఇస్త్రీ బట్టలు కట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. ముసలమ్మ గడపలో కూర్చుని, కోడి అరిచినా కసురుతోందట. పెద్దాయన మొదటి ప్రశ్న అడిగాడు, రెండోది అడిగాడు. పన్నెండూ ముక్కాలుకు నా నౌకరు లైను చదువుకున్నాడు. తలవంచి ఆజ్ఞ పాటించాడు.

మామూలుగా అయితే మూడు నిమిషాల్లో లేచేది. ఆ రోజు దానికి డిస్కులు తనిఖీ చేసుకోవాలని బుద్ధి పుట్టింది. ఇన్నాళ్ళు రోజూ ఆపి లేపుతుంటే లెక్కపెట్టుకుంటూ వచ్చిందట, ఇన్నిసార్లయ్యాక ఒకసారి మొత్తం వెతుక్కుంటుందట. మస్తాన్ ఫోను వచ్చింది. ఆయన గొంతు వినగానే నాకు బుధవారం గుర్తొచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి పరిగెత్తాను. అరవై దాటిన కాళ్ళు ఆత్మకూరు సందుల్లో పరిగెడితే ఎట్టా ఉంటుందో చూసినవాళ్ళు శెట్టి ఒక్కడే, వాడిప్పటికీ పెళ్ళిళ్ళలో వేసి చూపిస్తాడు. తెర మీద నూటికి పన్నెండు వంతులని పడి ఉంది. ఎంత బతిమాలినా పదమూడు కావడం లేదు. దండం పెట్టాను. మిషను దగ్గర కూడా చెప్పులు విడిచాను. ఫోనులో మస్తాన్ అడుగుతూనే ఉన్నాడు. కరెంటురా అన్నాను.

రేష్మ చేతిలో ఫోను పట్టుకుని సిగ్నలు కోసం రోడ్డు దాకా పరిగెత్తిందట. అందేలోగా ఆ పెద్దాయన వేరే వాళ్ళతో మాట్లాడడంలో పడ్డాడు. నా మిషను లేచేసరికి బెంగుళూరులో రేష్మ పేరు కొట్టేశారు. సాయంత్రానికి మర్యాదగా రెండు వాక్యాలు పంపారు.

మర్నాడు ఆమె ఒక్కతే బస్సెక్కి వచ్చింది. నా కుర్చీలో కూర్చుని కీబోర్డు దగ్గరికి లాక్కుంది. శెట్టి కూడా ఏదో వంకతో వచ్చి నిలబడ్డాడు. రెండు మాటలు కొట్టగానే తెర మీద నా ఏడు లైన్లూ వచ్చి కూర్చున్నాయి. ఆమె వాటిని వరసగా చదివింది.

"ఈ టైములేంది? ఒక్కోరోజు ఒక్కోటి. దేనికీ పొంతన లేదే."

శెట్టి కళ్ళద్దాలు సర్దుకుని ముందుకు వంగాడు. వేళ్ళు మడుచుకుంటూ చదివాడు. సోమవారం ఎనిమిదింబావు. మంగళవారం మూడూ ముక్కాలు. బుధవారం పన్నెండూ ముక్కాలు.

"ఒరే పెంచలయ్యా, ఇది రాహుకాలం గదరా."

రేష్మ ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు వినగానే తలెత్తాలనిపించలేదు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. నేను కరెంటు అందామంటే నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఏడు లైన్లూ తీసేసింది. తర్వాత నెలల తరబడి నేను చెయ్యనిది చేసింది. ప్రోగ్రాములన్నీ ఆపేసింది. అయినా మెమొరీ తరిగిపోతూనే ఉంది. అంటే దొంగ వాళ్ళలో లేడు. కార్డు చేతిలో ఎన్ని పళ్ళేలున్నాయో చూపించే కమాండు ఒకటుందట, అది కొట్టింది. అంకె ఎక్కుతోంది, దిగడం లేదు. కార్డును ఆపి చూసింది, అంకె నిలిచిపోయింది. మళ్ళీ వేసింది, మళ్ళీ ఎక్కింది. ఆ కార్డు డ్రైవరులో ఈ చిల్లి ఉందని ఎవరో ఎప్పుడో కనిపెట్టి, పూడ్చిన కొత్త డ్రైవరును అందరికీ ఊరికే పెట్టారట. దించి ఎక్కించింది. ఇప్పుడు అంకె ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగింది. పళ్ళేలు తిరిగొస్తున్నాయి. మధ్యాహ్నం బస్సుకు లేచింది.

"ఇంక దానికి పడక అక్కర్లేదు పెదనాయనా" అని చెప్పి పోయింది.

ఆ పడమటి నెల్లూరు జిల్లా మాట ఇక్కడ సరిచెయ్యాలి. ఆత్మకూరులో బజారు వీధి, ఉదయగిరిలో మస్తాన్ ఇంటి చుట్టూ నాలుగు వీధులు, చేజర్లలో ఆ డ్యాము మనిషి. అంతే నా సామ్రాజ్యం. తలలు పట్టుకున్న బెంగుళూరు ఇంజనీర్లు కూడా లేరు. ఒకాయనకు ఫోను చేశాను, ఎత్తలేదు.

ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం రేష్మకు మళ్ళీ దొరకలేదు. చివరికి చెన్నైలో దొరికింది, అక్కడే ఉండి చెయ్యాలి. వెళ్ళింది. ముసలమ్మకు మస్తానే ముద్దలు పెట్టేవాడు. సగం మింగేది, సగం తల తిప్పేసుకునేది. ఆ వానల్లోనే పోయింది. రోడ్లు తెగి రేష్మ బస్సు దారిలో ఆగిపోయింది, మట్టి చేసిన తర్వాత గానీ రాలేకపోయింది. నేను మూడు పిడికిళ్ళ మన్ను వేసి వచ్చాను. రేష్మ నన్ను చూసి టీ తాగినావా పెదనాయనా అని అడిగింది. ఆ మాటకు నవ్వాలో ఏం చెయ్యాలో ఇప్పటికీ తెలియదు. నవ్వుల జ్ఞాపకం అని చెప్పి ఇది రాశానా? రాశాను. నా వయసులో నవ్వులు ఇట్టాగే ఉంటాయి.

అందువల్ల మీ అందరి సమక్షంలో, స్నానం చేసి, ఉత్తరం వైపు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చిల్లి కనబడితే చిల్లి అంటాను. దాన్ని కరెంటు మీదికి గానీ, కోతుల మీదికి గానీ, సోమశిల నీళ్ళ మీదికి గానీ తొయ్యను. నవగ్రహాల్లో ఏ గ్రహానికీ, ఎంత సిఫారసు పట్టుకొచ్చినా, నా మిషనులో కొలువు ఇవ్వను.

ఇంతవరకూ రాసి, ఉదయగిరి వెళ్ళి మస్తాన్‌కు చదివి వినిపించాను. నాకు చదువుతుంటే నవ్వొచ్చింది. పళ్ళేల దగ్గర, శెట్టి దగ్గర ఆగి ఆయన ముఖం చూశాను. మస్తాన్ గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కచోట కూడా నవ్వకుండా చివరి దాకా విన్నాడు. ఈ సంగతి మీద ఇన్నేళ్ళలో ఆయన నాతో ఒక్క మాట అనలేదు. చదవడం అయిపోయాక కాగితాల వైపు చెయ్యి చూపించాడు.

"టైము చెప్పలేదని రాసినావే, అది కొట్టెయ్ అన్నా. పన్నెండున్నరకని చెప్పింది. రెండుసార్లు చెప్పింది, నేను పక్కనే ఉండా. నువ్వు కొంచేపు మాట్లాడకుండా ఉండి, ఆ తర్వాత ఏం భయం లేదు పో అన్నావు."